కర్ర వదలని వీరాస్వామి

మూర్ఛ మందులు పరీక్షించే ఆ గదిలో ఎలుకలన్నీ పొద్దున్నే భయంగా చెవులు రిక్కించేవి. మందు సూది వేశాక డాక్టరమ్మ ఒక్కొక్కరినీ తిరిగే కర్ర మీద నిలబెట్టేది. కర్రతో పాటు నడిస్తే మందు ఒంటికి సరిపడినట్టు, జారి కిందనున్న మెత్త మీద పడితే మోతాదు ఎక్కువైనట్టు. చివరిదాకా నిలిచినవాళ్లకు పొద్దుతిరుగుడు గింజ దొరికేది. అంత చిన్న ప్రాణాల చేత అంత పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పించడం వింతే మరి!

రెండు మందులు విడివిడిగా పనిచేయలేదని, ఆ రోజు వాటిని కలిపి ముందు వీరాస్వామి అనే ఎలుకకు ఇచ్చారు. వాడు ఒట్టి జిత్తులమారి. మూర్ఛ రాలేదు గానీ కాళ్లు దూదిపింజలయ్యాయి. అయినా గింజ వదులుకుంటాడా? కర్రను కావలించుకుని దానితోపాటే గిరగిరా తిరిగాడు. డాక్టరమ్మ చూపేమో గడియారం మీద ఉంది.

"భేష్, పడలేదు!" అందామె.

పక్క పంజరంలోంచి ముసలి ఎలుక తాయారు ఇదంతా చూసింది. తర్వాతి వంతు ఆమె మేనకోడలు నీలవేణిది.

"వీరాస్వామీ, నువ్వు నడవలేదు, వేలాడావు. నిజం చెప్పు, ఒళ్లెలా ఉంది?"

"తూలిపోతోందక్కా. ఊపిరి కూడా బరువుగా ఉంది. అయితేనేం, గింజ కమ్మగా ఉంది."

"అదే మందు మా పిల్లకీ ఇస్తారురా! పిడికెడు లేదు, తట్టుకుంటుందా?"

"మీ పిల్ల సంగతి నాకెందుకు?"

నీలవేణి అత్త పొట్ట కిందికి దూరింది. "అత్తా, మూర్ఛొస్తే చచ్చిపోతానా, మందేస్తే చచ్చిపోతానా?"

తాయారు దాని తల నాకింది. తర్వాత వీరాస్వామి వైపు తిరిగింది.

"నీ అదృష్టమే అదృష్టం వీరాస్వామీ. ఇక్కడి పద్ధతి తెలుసుగా? తట్టుకున్నవాడికే మోతాదు పెంచుతారు. అదిగో, నీకోసం డాక్టరమ్మ సూది నింపుతోంది."

వాడు వెనక్కి జరిగాడు. "ఇంకానా? నా వల్ల కాదక్కా!"

"అంత గట్టిగా నిలబడ్డావు, నీకేం?"

సూదితో డాక్టరమ్మ అటు రాగానే, వీరాస్వామి పంజరం తలుపు దగ్గరికి తూలుతూ వచ్చి పక్కకు ఒరిగిపోయాడు. ఆమె అదిరిపడి, వాణ్ణి మళ్లీ కర్ర మీద పెట్టి ఈసారి కళ్లార్పకుండా చూసింది. వాడు చేతులు వదిలేసి దభీమని పడ్డాడు.

"అయ్యో, ఇందాక నడవనే లేదన్నమాట!" సూదిలోది పారబోసి, తక్కువ మోతాదు నింపింది. ఆ మందుతో నీలవేణి కర్ర మీద తడబడుతూనే నడిచింది. సాయంత్రం దాకా మూర్ఛ రాలేదు.

"ఆ సూది నాకు వేయలేదేం?" అన్నాడు వీరాస్వామి నీరసంగా.

"నీకోసమని నేను ఊరికే అన్నాను, అది మొదటినుంచీ మా పిల్లదేరా" అంది తాయారు.

ఒంటికి సరిపడని మందు సరిపడిందని నటించినవాడు, వెనక వచ్చేవాడికి విషం పోసినట్టే.