మందరాళ్లపల్లె ఆలకించమ్మ తల ఒరిగిన వైనం

మందరాళ్లపల్లె బడి వెనక మెట్ట ఎక్కితే చదునైన బండ మీద ఆలకించమ్మ తల్లి కొలువై ఉంది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నాలుగు రాతి కంబాలు, పైన రేకులు. అమ్మవారు నిలువెత్తు రాయి. ఆ రాయి ఎడమ పక్కకు ఒరిగి ఉంటుంది, పక్కింటి మాటలు వినడానికి గోడవైపు వంగిన మనిషిలాగా. పోలిక మరీ చనువుగా ఉందనుకుంటే అమ్మవారే మన్నించాలి. చూసినవారికెవరికైనా మొదట తోచేది అదే.

ఇక్కడికి భక్తులు కొబ్బరికాయతో పాటు కాగితం కూడా తెచ్చుకుంటారు. పొలం దస్తావేజు, ఉద్యోగపు ఒప్పందం, పెళ్లి లగ్నపత్రిక, ఏదైనా సరే, సంతకం చేసే ముందు అమ్మ ఎదుట మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా పైకి చదవాలి. మొన్నామధ్య ఒక యువకుడు కొత్త ఫోనులో 'షరతులన్నీ అంగీకరిస్తున్నాను' అనే చోట నొక్కే ముందు ఆ షరతులన్నీ చదవడానికి కూర్చున్నాడు. మధ్యాహ్న నైవేద్యం అయింది, పూజారి భోజనం అయింది, షరతులు కాలేదు. పూజారి మిగతాది మరునాటికి వాయిదా వేయించి పంపించాడు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. పూర్వమంటే కృతయుగం కాదు. ఊరికి కరెంటు వచ్చి, సెల్‌ఫోను ఇంకా రాని కాలం. గొర్రెల కాపరులు ఎండ ముదిరే వేళకు మందలను ఈ బండ దగ్గరికి తోలుకొచ్చి నీడ పట్టించేవారు. రాయి అప్పుడు నిట్టనిలువుగా ఉండేది. దాని మొనకు అంబలి ముంతలు తగిలించుకునేవారు. అమ్మవారని ఎవరికీ తెలియదు కనుక ఆ పాపం ఎవరికీ అంటలేదు.

ఆ కాపరులలో తిప్పక్క ఒకతె. ఆమె కూతురు బడిలో మూడో తరగతి. తల్లిదండ్రులు చేతులెత్తి బడి కమిటీకి పదిహేనుమందిని ఎన్నుకున్న రోజున తిప్పక్కను అధ్యక్షురాలిని చేశారు. అంత గౌరవం ఎందుకు దక్కిందంటే, ఆ రోజు ఆమె మందతో కొండ మీద ఉంది. అక్కడ లేనందువల్ల వద్దనలేకపోయింది.

కమిటీ రాతపనంతా బడి పెద్దసారు కేశవాచారిది. మంచివాడు. ఆయనకున్న లోపం ఒక్కటే, గొంతు. ఆయన చదువుతుంటే మాటలు పెదవులు దాటడానికి మొహమాటపడేవి. మీటింగుకు ఎవరూ రారు కనుక తీర్మానాల పుస్తకాన్ని సైకిలుకు కట్టుకుని ఆయనే మందల వెంట తిరిగేవాడు. గొణుక్కుంటూ నాలుగు ముక్కలు చదివి వేలిముద్రలు వేయించుకునేవాడు.

ఒకనాడు తిప్పక్క గొర్రెకు ఉన్ని కత్తిరిస్తోంది. సారు వచ్చాడు.

"ఏంది సారూ ఇది?"

"మామూలుదేలే తిప్పక్కా, పైనుంచి వచ్చింది."

ఉన్ని అంటిన వేలితోనే ముద్ర వేసి ఆమె పనిలో పడింది.

పదిరోజులకు బడి గోడకు నోటీసు అంటించారు. వచ్చే జూన్ నుంచి ఈ బడి వాగువంక అవతలి పెద్దూరి బడిలో కలిసిపోతుందట. వానొస్తే ఆ వంకలో మోకాటి లోతు పారుతుంది. పెద్దపిల్లలు ఎట్లాగో దాటుతారు. తన మూడో తరగతి బిడ్డ వల్ల కాదు. బడి పోతే దాని చదువూ అంతే. తిప్పక్క నేరుగా సారు దగ్గరికి పోయింది.

"మా బడి ఇస్తామని ఎవరు ఒప్పినారు సారూ? పేరు చెప్పండి, ఆ మనిషిని నేను చూసుకుంటా."

సారు తీర్మానాల పుస్తకం తెరిచాడు. అన్నిటికంటే పైన ఒక వేలిముద్ర ఉంది. దాని సిరాలో ఉన్నిపోగు అతుక్కుని ఉంది.

తిప్పక్క ఆ పోగును గుర్తుపట్టింది. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ తనకే మిగిలాయి.

"నేను మాత్రం చివరిదాకా చదివినానా తిప్పక్కా," అన్నాడు సారు. "సంతకాలు కావాలన్నారు, తెచ్చినాను. శుక్రవారం సాయంత్రం లోపల కమిటీలో సగానికి పైన నిజంగా కూర్చుని, పాత తీర్మానం రద్దని రాసిస్తే పైవాళ్లు మళ్లీ ఆలోచిస్తారు. ఎనిమిది మంది కావాల."

మంగళవారం తిప్పక్క బడిలో మీటింగు పెట్టింది. ఇద్దరొచ్చారు. బుధవారం ముగ్గురు, అందులో ఒకరు దారి తప్పిన మేకను వెతుక్కుంటూ వచ్చినవారు. గొర్రెలు ఈనే కాలం, మందను వదిలి ఎవరు వస్తారు? గురువారం మిట్టమధ్యాహ్నం ఆమె ఈ రాతికి వీపు ఆనించి కూర్చుని, దిగులుతోనే కునుకు తీసింది.

కలలో ఒక పెద్దముత్తైదువ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వంగింది. "ఏమే తిప్పక్కా, దినామూ అందరూ నా కాడికే వస్తాండారు. మీటింగు మాత్రం యాడో పెడతాండావు. నేను వినకుండా ఇంకొకసారి వేలు పెట్టినావంటే చూడు!"

ఉలిక్కిపడి లేచింది. చుట్టూ చూసింది. నీడల్లో మందలు, మందల పక్కన ముద్దలు తింటున్న కాపరులు. కమిటీ వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టింది. తనతో కలిపి తొమ్మిది మంది! తీరికలేదని చెప్పిన వాళ్లందరూ కాళ్లు చాపుకుని ఉన్నారు.

కబురందగానే సారు సైకిలు మీద వచ్చాడు. "ఇక్కడ మీటింగేంది తిప్పక్కా? రూలు ఒప్పుకోదు."

"బడి గోడల నడుమే పెట్టాలని రూల్లో రాసుందా? చదవండి సారూ."

సారు సంచిలోంచి రూళ్ల పుస్తకం తీసి చదివాడు. ఎక్కడా లేదు. ఇన్నేళ్లలో ఆ పుస్తకం పూర్తిగా చదవడం ఆయనకూ అదే మొదలు.

రద్దు తీర్మానం అక్కడే రాసి, అలవాటు ప్రకారం గొణుగుతూ చదివాడు. ఎవరికీ వినబడలేదు, గొర్రెల గోల ఒకటి.

"సారూ, మాకు చదువుతాండారా, మీ చొక్కా గుండీకి చెప్పుకుంటాండారా?" అన్నాడు ఎర్రిస్వామి. మేకలవాడు, కమిటీ సభ్యుడు, నోరు ఊరుకోని మనిషి. అందరూ నవ్వారు.

"మళ్లీ చదవండి సారూ," అంది తిప్పక్క.

మళ్లీ చదివాడు. అదే గొంతు. ఎర్రిస్వామి ఇంకో మాట అనబోయాడు. అంతలో బండ మీద గరగరమని చప్పుడైంది. నిట్టనిలువు రాయి మెల్లగా సారు వైపు ఒరిగింది. మొనకు తగిలించిన ముంత జారి ఎర్రిస్వామి తల మీద అంబలి పోసింది. గొర్రెలతో సహా అందరూ నోరు మూసుకున్నారు.

రాయి కూడా చెవొగ్గితే గానీ వినబడనంతగా చదువుతున్నానా అని సారుకు సిగ్గేసింది. గొంతు సవరించుకుని, ఇరవై ఏళ్ల ఉద్యోగంలో మొదటిసారి, మెట్ట దిగువకు కూడా వినిపించేటట్టు చదివాడు. చివరి వాక్యం దగ్గరికి వచ్చాడు: "...పై ఉత్తర్వును ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

"నిలపండి సారూ!" అంది తిప్పక్క. "ఆమోదించడమంటే?"

"ఒప్పుకోవడం..." అని సారు నాలుక కరుచుకున్నాడు. ఏ తీర్మానానికైనా చివర ఆ మాటే రాసే చెయ్యి ఇప్పుడూ అదే రాసింది. బడి ఉంచమని మొదలుపెట్టి, ఇచ్చేస్తామని ముగించాడు!

"రెండోసారి కూడా ఇచ్చేసుండేవాళ్లం కదప్పా," అన్నాడు ఎర్రిస్వామి, అంబలి తుడుచుకోవడం మరిచిపోయి.

అమ్మ ఎందుకు ఒరిగిందో అప్పుడు అందరికీ తెలిసింది. సారు ఆ వాక్యం కొట్టేసి, 'తిరస్కరించడమైనది' అని రాసి, అడగకుండానే మళ్లీ మొదటి నుంచి చదివాడు. తిప్పక్క చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వేలిముద్ర వేసింది. తక్కిన ఎనిమిది మంది ఆమె వెనక వేశారు. శుక్రవారం కాగితం చేరింది. మేలో జవాబు వచ్చింది: బడి ఎక్కడిది అక్కడే. ఆ జవాబును సారు ముందుగా ఈ బండ దగ్గరే చదివాడు, ఎంత బిగ్గరగానంటే ఈనిన గొర్రెలు బెదిరాయి. ఆలకించమ్మ అనే పేరు పెట్టిందీ ఆయనే.

నాటి నుంచి నేటి వరకు మందరాళ్లపల్లె బడి కమిటీ ప్రతి నెలా ఇక్కడే కూర్చుంటుంది. జీతం లేని ఆ కొలువుకు పనులు మానుకుని వచ్చే తల్లులకు, తండ్రులకు మొదటి తీర్థం ఇస్తారు. చదువుతుండగా 'మళ్లీ' అని అడిగే హక్కు ఓటు లేని ముసలమ్మకు కూడా ఉంది; చదివేవారు విసుక్కోకుండా మొదటి నుంచి ఎత్తుకోవాలి. ఈ సన్నిధిలో విని సంతకం చేసినవారికి తరువాత దుఃఖపడే పని ఉండదని భక్తుల నమ్మకం.

చదవడం పూర్తయ్యాక ఎవరూ వెంటనే వేలు పెట్టరు. పూజారి హారతి పట్టుకుని, "అమ్మా, నీకేమైనా అభ్యంతరమా?" అని అడిగి ఆగుతాడు. అమ్మ ఇంతవరకు ఏమీ అనలేదు. అయినా ఆ కాసేపు, పదిహేనుమందీ ఊపిరి బిగబట్టి నిజంగానే ఎదురుచూస్తారు.