ఏనుగు అంగరఖా, మారని పేరు

మార్తాండరాయలు ఆ రోజు సభలోకి నడిచి రాలేదు, కొత్త అంగరఖాలో ఈదుకుంటూ వచ్చాడు.

"ఎవడు కుట్టమన్నాడు దీన్ని?" అన్న కేక మెడసందులోంచి బయటికొచ్చింది.

కుందవరం కోటలో పనులన్నీ కంప్యూటరే చూసుకునేది. కుట్టుపనికి ఆజ్ఞలు రాసిన ఓ స్క్రిప్టు, వంటకో స్క్రిప్టు, గజశాలకో స్క్రిప్టు. 'ఎత్తు' అన్న పేరుతో రాజుగారి కొలత ఒక్కచోట రాసి ఉంటే అన్నీ అక్కణ్ణించే తీసుకునేవి. గజశాలవాళ్లు పట్టపుటేనుగు కొలత రాస్తూ వాళ్లూ 'ఎత్తు' అనే పెట్టేశారు. రాజు కొలత పోయింది, ఏనుగు కొలత కూర్చుంది!

"అది మారని విలువ అన్నావు కదయ్యా!" ఆస్థాన ప్రోగ్రామరు అనంగభట్టు మీద విరుచుకుపడ్డాడు రాజు.

"పక్కనే 'ఎవరూ మార్చరాదు' అని రాశాను మహాప్రభో! చదవకపోతే నేనేం చేసేది?"

భట్టు దగ్గర పనిచేసే సోమసాని కిసుక్కున నవ్వింది. ఉత్త రాతతో ఏదీ ఆగదని చెప్పి ఆయనతో చీవాట్లు తిన్న మనిషి మరి.

"నవ్వుతావా?" అన్నాడు రాజు. "అయితే ఎవరూ మార్చలేని విలువ నువ్వు చేసి చూపించు. చేతకాకపోతే కొలువు ఊడుతుంది. పైగా ఈ అంగరఖా తొడుక్కుని ఊరేగాలి!"

సోమసాని కంప్యూటర్ ముందు కూర్చుంది. రాజుగారి కొలతకు వేరే పేరు పెట్టి, ఫైలు విడిగా చేసి, తనకొక్కదానికే తెలిసిన రహస్యపదంతో తాళం బిగించింది. ఎవరైనా చదువుకోవచ్చు, ఇంకెవరూ తిరగరాయలేరు.

"మారదని నమ్మేదెట్లా?" అన్నాడు రాజు.

"మార్చాలని బాగా ఆత్రం ఉన్నవాళ్లు ప్రయత్నిస్తే తెలిసిపోతుంది ప్రభూ."

"అంత ఆత్రం ఎవరికి?"

"ఇప్పుడే పుట్టిస్తాను."

తాళం తీసి, ఇంకో విలువ చేర్చి, మళ్లీ బిగించి, తెరను సభవైపు తిప్పింది.

'ఆస్థాన మూర్ఖుడు: అనంగభట్టు.'

భట్టు ఒక్క గంతులో మీటల మీద పడ్డాడు. తన పేరు కొట్టేశాడు.

"ఇది స్థిరం. మార్చడం కుదరదు," అంది కంప్యూటర్.

సోమసాని పేరు రాశాడు. కుదరదంది. తలపాగా జారింది, చెమటలు కారాయి, మోచేతులతో బాదాడు. కుదరదు, కుదరదు, కుదరదు!

"దీన్ని మార్చడం బ్రహ్మతరం కూడా కాదు మహాప్రభో!" అని గోల పెట్టాడు భట్టు.

సోమసాని వినయంగా చేతులు జోడించింది.

"నేను చెప్పాల్సింది భట్టుగారే చెప్పేశారు ప్రభూ!"

సభ గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వి, ఆస్థాన ప్రోగ్రామరు పదవీ రత్నకంకణమూ సోమసానికి అక్కడికక్కడే ఇప్పించాడు. భట్టు మాత్రం ఇంకా మీటలు నొక్కుతూనే ఉన్నాడు.