ఎలుగు ముక్కు మీద ఎర్రచీమ

నా ముక్కు ఇంత లావుగా ఎందుకుందని అడిగారుగా పిల్లలూ? నవ్వబోమని ఒట్టేస్తే చెబుతాను.

అనగనగా ఒక కొండ కింద జీడితోటలో ఒక మహా మేధావి ఎలుగుబంటి ఉండేవాడు. అదిగో, అప్పుడే నవ్వుతున్నారు! అవును, నేనే.

అప్పటికి మీ అక్క పసిగుడ్డు. ఎండాకాలమంతా మాకు జీడిపళ్లే తిండి. పళ్లు కాయకపోతే మీ అమ్మకు పాలు పడవు. అందుకే తోటకు నేనే కాపలా కాశాను. కాపలా అంటే ఏమిటో నాకు తెలిస్తేగా!

ఒకరోజు చెట్టెక్కితే, ఆకులు కుట్టి గూళ్లు కట్టుకున్న ఎర్రచీమలు నా ముక్కు పట్టుకున్నాయి. "అబ్బా! నా తోటలో నన్నే కుడతారా?" అని దొరికిన గూడల్లా పీకి పారేశాను. చీమలు కొండ మీదికి పారిపోయాయి.

కొద్దిరోజులకే చెట్ల చిగుళ్లు నల్లబడ్డాయి. "ఇదంతా సాలీళ్ల పనే" అని తేల్చేశాను. ఎవరూ అడక్కుండా తేల్చేయడంలో మీ నాన్న దిట్ట. వాటి గూళ్లన్నీ దులిపేశాను.

ఈసారి పూత కూడా మాడింది. కాండం మీద టకటకా పొడుస్తూ వడ్రంగిపిట్ట కనబడింది. "దొంగా! కన్నాలు పెట్టేది నువ్వేనా?" అని మట్టిగడ్డ విసిరాను.

"ఓ ఎలుగు బావా! నేను పొడిచేది లోపల దూరిన పురుగును. చెట్టుచెట్టూ చూశాకే పొడుస్తాను. నువ్వు ఒక్కపూటైనా కదలకుండా కూర్చుని చూశావా?" అంది పిట్ట.

చూడలేదు. సిగ్గేసి కూర్చున్నాను. ఎండెక్కేలోగా అసలు దొంగ కనబడింది. టీ దోమ! పేరుకు టీ దోమే గానీ తాగేది మన చిగుళ్ల రసం.

"దాన్ని పట్టి తినేది చీమలూ సాలీళ్లే. ఇద్దరినీ నువ్వే తరిమావు" అంది పిట్ట.

కొండెక్కి చీమల పెద్దమ్మ ముందు కూలబడ్డాను. "తిరిగి రా తల్లీ! నా బిడ్డ పస్తులుంటుంది."

"చీమల్ని మింగే ఎలుగును ఎలా నమ్మేది?" అంది పెద్దమ్మ. "మా గూళ్లు నోట కరుచుకుని మోసుకెళ్లు. ఒక్కరు నీ గొంతు దిగినా మేం వెనక్కి వచ్చేస్తాం."

మోశాను. నోట్లో నీళ్లూరుతున్నాయి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. దారి పొడుగునా చీమలు నా ముక్కూ పెదాలూ కుడుతూనే ఉన్నాయి. మూడుసార్లు కొండెక్కి దిగాను. ఒక్క చీమనూ మింగలేదు.

ఆ ఏడు తోట సగమే కాసింది. ఆ సగంతోనే మీ అక్క బతికింది.

"అది ఎప్పటి మాటో కదా! ముక్కు ఇంకా లావుగా ఉందేం నాన్నా?"

పొద్దున చెట్లు చూడబోతే చీమలు కుట్టాయిరా. హమ్మయ్య, తోట బాగుంది అనుకుని ఇంటికొచ్చాను.

నీతి: తోటను తినేదెవరో కళ్లారా చూశాకే చెయ్యెత్తాలి, మనల్ని కుట్టినవాళ్లంతా పగవాళ్లు కారు.