పన్నెండో వారం లెక్క

ఓబుళమ్మ ఏ మందు మింగుతోందో శాంభవికి తెలిసిపోయింది. తెలియకూడదు.

కడపలోని ఆ ఆసుపత్రిలో కీళ్లవాతానికి మందుల పరీక్ష జరుగుతోంది. సగంమందికి ఒకే మందు, మిగతా సగానికి మూడు మందులు కలిపి. వాచిన కీళ్లు లెక్కపెట్టే డాక్టరుకు ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకూడదని గట్టి నియమం. ఆ లెక్కపెట్టే డాక్టరు శాంభవే. ఓబుళమ్మేమో కూర్చుంటూనే, "మూడు రకాల మాత్రలు మింగలేక సస్తాండా తల్లీ" అనేసింది.

మూడు మందులు కలపాలన్న ఆలోచనే శాంభవిది. రెండేళ్లు పోరి పోరి పెద్దల్ని ఒప్పించింది. మొదటిరోజు పన్నెండు కీళ్లు వాచి ఉన్న ఆ చేతుల్లో ఇప్పుడు నాలుగే దొరికేసరికి ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"తగ్గిందా ఓబుళమ్మా?"

"తగ్గింది తల్లీ."

పన్నెండో వారం లెక్కలో వాపు సగానికి తగ్గితే అదే మందు ఇంకో మూడు నెలలు. తగ్గకపోతే ఆరోజే మార్చాలి. ఆలస్యం చేస్తే మాయదారి రోగం ఎముకల్ని తినేస్తుంది, వంకరపోయిన వేళ్లు మళ్లీ తిన్నగా రావు.

శాంభవి ఆమెను బయట కూర్చోమని పంపి, కాగితం మీద నాలుగు అని వేసి గురువుగారి ముందు పెట్టింది. డాక్టర్ మస్తాన్‌వలీ గారు ముప్పయ్యేళ్లుగా కీళ్లు పట్టి చూస్తున్న మనిషి. మాటలు బహు పొదుపు.

"ఆమె మందేదో నాకు తెలిసిపోయింది సార్. అయినా ఏం ఫర్వాలేదు. నా వేళ్లు అబద్ధం చెప్పవు" అంది శాంభవి. పిల్లకు పనితనం ఎంతో, పొగరూ అంతే మరి!

"అట్లనా" అన్నారాయన. జేబులోంచి రుమాలు తీసి ఆమె కళ్లకు గంతలు కట్టారు. బయట వరసలో ఇదే పరీక్షకొచ్చిన ఇరవైమంది కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకరిని లోపలికి తీసుకొచ్చి, చేతులు బల్లమీద పెట్టించారు. గాజుల చప్పుడు లేదు, మాట లేదు.

శాంభవి తడిమింది. చూపుడువేలి మొదట్లో మెత్తటి ఉబ్బు.

"ఒకటి... రెండు..."

అయిదో కీలు నొక్కగానే అవతలి మనిషి ఊపిరి బిగబట్టింది. అయ్యో, ఎవరీ తల్లి! శాంభవి వేళ్లు నెమ్మదించాయి. ఏడు. తొమ్మిది. మణికట్టు దగ్గర పది.

"పదకొండు సార్. ఎవరో గానీ, ఈమెకు ఇవాళే మందు మార్చాలి. ఇన్నాళ్లూ ఎవరు చూశారు సార్ ఈమెను?"

గురువుగారు రుమాలు ముడి విప్పారు.

ఎదురుగా ఓబుళమ్మ.

"తగ్గిందన్నావు కదమ్మా!" అంది శాంభవి ఏడుపుగొంతుతో.

"నువ్వు అంత ఆశగా చూస్తాంటే, లేదని ఎట్ల చెప్పేది తల్లీ?"

శాంభవికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కాగితం లాక్కుని, ఆనవాలు కూడా మిగలకుండా ఆ నాలుగు మీద కలంతో బరబరా గీకబోయింది.

గురువుగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"ఒక్క గీత చాలు తల్లీ. గీత కింద ఆ నాలుగు కనపడాల."