బావి గట్టున "పట్టాం" అన్నదెవరు?

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు, ఊరూరా నిండు బావులు. ఇంకేం కావాలి? కానీ పచ్చగా ఉంటే ఓర్వలేనివాడు ఎక్కడైనా ఉంటాడు కదా. గండభైరవుడనే మాంత్రికుడు మంత్రం వేసి బావులన్నీ ఎండగట్టేశాడు. వాడి బలమంతా ఏడు సముద్రాల అవతల, ఒక పాడుబావి అడుగున, చిలక కాలికి కట్టిన దారంలో ఉంది. చిలకను పైకి తెచ్చి ఎండలో ఆ దారం తెంపితే నీళ్ళొస్తాయి.

"తెంపినవాడికే కిరీటం" అన్నాడు రాజు. అక్కడే వచ్చింది చిక్కు. పెద్దవాడు తమ్ముళ్ళకు చెప్పకుండా ఒక్కడే వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడూ చెప్పకుండా వెళ్ళాడు, రాలేదు. ఇక మిగిలింది మూడోవాడు విజయకేతుడు. కిరీటం సంగతి దేవుడెరుగు, అతనికి అన్నలు కావాలి, జనానికి నీళ్ళు కావాలి. బావిలో దిగడం మాత్రం రాదు.

అందుకని బావులు తవ్వే పోలయ్య జట్టు దగ్గరికి వెళ్ళి, "నన్ను చేర్చుకో తాతా" అన్నాడు.

"మాతో మూడు బావులు తవ్వండి బాబూ, చూద్దాం" అన్నాడు పోలయ్య.

మొదటి బావికే అరచేతులు బొబ్బలెక్కాయి. జట్టుకు తాళ్ళు పేనేది పోలయ్య కూతురు సింగారి. "రాజుగారి చేతులు, లేత తమలపాకులు" అని నవ్వుతూనే ఆముదం రాసింది.

రెండో బావి దగ్గర దిగబోయేవాడు "పట్టారా?" అని అడిగితే, తాడు పట్టుకున్న విజయకేతుడు "పట్టాను" అన్నాడు. అంతే, ఆ మనిషి దిగనంటే దిగనన్నాడు.

"తప్పు బాబూ" అన్నాడు పోలయ్య. "పైన ఒక్కడే ఉన్నా 'పట్టాం' అనాలి. మనిషి అలిసిపోతాడు, జట్టు అలవదు. 'పట్టాను' అన్నవాణ్ణి నమ్మి మావాళ్ళెవరూ దిగరు."

మూడో బావిలో ఒక ఉడుము పడి ఉంది. "ఉడుముకోసం తాడు దించాలా?" అని విసుక్కున్నాడు విజయకేతుడు.

"బావిలో ఉన్నది ఎవరైనా మనవాళ్ళే. ఎవరేమిటో పైకొచ్చాక చూసుకుందాం" అన్నాడు పోలయ్య.

పైకొచ్చిన ఉడుము దణ్ణం పెట్టింది. "నన్నూ జట్టులో కలుపుకోండయ్యా. పట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య" అంది. మరి ఉడుంపట్టు అని ఊరికే అన్నారా!

సింగారి పేనిన తాడు తీసుకుని విజయకేతుడు, పోలయ్య, ఉడుము ముగ్గురూ పడవెక్కారు. ఏడు సముద్రాలు దాటారు. మొదటిది ఉప్పన, రెండోది ఉప్పన, ఏడోదీ ఉప్పనే. ఆ తర్వాత పాడుబావి వచ్చింది. పోలయ్య తాడు పట్టాడు. ఉడుము తాడు కొస నడుముకు చుట్టుకుని రాళ్ళ సందున గోళ్ళు దిగేసింది.

"పట్టారా?"

"పట్టాం."

విజయకేతుడు దిగాడు. అడుగున చిలక ఉంది. పక్కనే రెండు రాళ్ళు, అన్నల ముఖాలతో. దారిన పోయే దానయ్యలా వచ్చిన మాంత్రికుడికి తాడు అప్పగించి దిగారు పాపం, వాడు తాడు వదిలేసి రాళ్ళుగా మార్చేశాడు. విజయకేతుడు చిలకను ఉత్తరీయంలో కట్టుకుని పైకి చూశాడు.

పైన ఏం జరిగిందో చెప్పనా? మాంత్రికుడు బూడిద చల్లి పోలయ్యను నిద్రపుచ్చాడు. ఉడుమును చూసి, ఇదేం చేస్తుందిలే అనుకున్నాడు.

"పట్టారా?" అని కేకేశాడు విజయకేతుడు.

"పట్టాను బాబూ. ముందు చిలకను తాడుకు కట్టి పంపండి." అచ్చం పోలయ్య గొంతే.

విజయకేతుడు ఆగిపోయాడు. "పట్టారా?" అని మళ్ళీ అడిగాడు.

"పట్టానంటే వినరేం బాబూ?"

పోలయ్య ఆ మాట చచ్చినా అనడు. మోసం పసిగట్టాడు విజయకేతుడు. అయినా మూడోసారి, "జట్టూ, పట్టారా?" అన్నాడు.

"పట్టాం" అంది ఒక సన్నని గొంతు. ఉన్నది ఒక్క ఉడుమే, అయినా అలాగే అంది.

ఆ మాట చాలు. తాడు పట్టుకుని ఎగబాకాడు. మాంత్రికుడు తాడు ఊడలాగబోయాడు, ఉడుంపట్టు ఊడుతుందా? కాలు జారి తనే బావిలో పడ్డాడు. విజయకేతుడు గట్టెక్కి ఎండలో దారం తెంపాడు. బుడబుడమంటూ నీళ్ళు ఊరాయి. రాళ్ళు మనుషులై, అన్నలిద్దరూ ఈదుకుంటూ వచ్చి బావి గోడ రాళ్ళు పట్టుకుని గట్టెక్కారు. పోలయ్యా లేచి కూర్చున్నాడు.

బలం పోయిన మాంత్రికుడు ముసలాడై నీళ్ళలో మునుగుతూ తేలుతున్నాడు. విజయకేతుడికి ఒళ్ళు మండిపోయింది, చావనీ అనుకున్నాడు. పోలయ్య ఉడుము వైపు చూశాడంతే. విజయకేతుడు తల దించుకుని తాడు దించాడు. వెనక నుంచి అన్నలిద్దరూ వచ్చి తాడందుకున్నారు.

"పట్టారా?" అన్నాడు కిందనుంచి ముసలాడు, వణుకుతూ.

"పట్టాం" అన్నారు అన్నదమ్ములు ముగ్గురూ.

ఇంటికొచ్చేసరికి బావులన్నీ నిండాయి. అన్నలే తమ్ముడికి కిరీటం పెట్టారు. పెళ్ళి పీటలమీద సింగారిని కూర్చోబెట్టి, పురోహితుడు, "అమ్మాయి చెయ్యి పట్టారా మహారాజా?" అన్నాడు.

"పట్టాం" అన్నాడు విజయకేతుడు, అలవాటు కొద్దీ.

పందిరంతా ఘొల్లుమంది. సింగారి తల వంచుకునే, "ఇక్కడ మాత్రం 'పట్టాను' అనాలయ్యా" అంది.

అన్నాడు. ఆ చెయ్యి వదలకుండా నిండు నూరేళ్ళు రాజ్యమేలాడు. కథ కంచి దారి పట్టింది, నా గొంతు ఎండింది. చెంబెడు బావినీళ్ళు తెచ్చిపెట్టండర్రా.