అర ఎక్కం వల్లించిన రాకుమారుడు

అనగనగా మేఘకూటమని ఒక రాజ్యం, ఆ రాజ్యానికి గజకేతుడని ఒక రాజు. ఆయన ఎంతటి రాజంటే, ఇక్కడ తుమ్మితే పొరుగుదేశంలో గొడుగులు తిరగబడేవి! అంతటి రాజుకి ముగ్గురు కొడుకులు.

పెద్దవాడు వజ్రబాహుడు. ఏనుగుని తొండం పట్టి గిరగిరా తిప్పి, మళ్ళీ దానికి దెబ్బ తగలకుండా నేలమీద దించేవాడు. రెండోవాడు మణిరథుడు. గురువుగారు నోరు తెరవకముందే వాడికి పాఠం వచ్చేసేది. ఒకసారి వచ్చిన పాఠం ముఖం మళ్ళీ చూసేవాడు కాదు.

మూడోవాడు నందివర్ధనుడు. వాడికి ఏదీ ఒక పట్టాన వచ్చేది కాదు. ఏడెనిమిదులు ఎంతో నోటికి రావడానికి ఏడాది పట్టింది. అయితేనేం, పట్టిందాన్ని వదిలే రకం కాదు వాడు. పళ్ళు తోముకుంటూ ఏడో ఎక్కం, గుర్రమెక్కుతూ పదమూడో ఎక్కం, అన్నం కలుపుకుంటూ అర ఎక్కం, పావు ఎక్కం వల్లించేవాడు. చివరికి వాడి గుర్రం కూడా పదమూడో ఎక్కానికి తగ్గట్టే అడుగులేసేదంటే చూసుకోండి!

"ఒరే నందీ, వచ్చిన ఎక్కమే మళ్ళీ ఎందుకురా అలా తల ఊపుకుంటూ చదువుతావు? మెడలో గంట కట్టమంటావా?" అని ఆటపట్టించేవాడు మణిరథుడు.

"వచ్చింది పోకుండా అన్నయ్యా," అనేవాడు నంది.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతలనుంచి ధూమ్రదంతుడనే మాంత్రికుడు వచ్చి, పొరుగురాజు కూతురు ఇందుకళని ఎత్తుకుపోయాడు. వాడి పళ్ళ సందుల్లోంచి ఎప్పుడూ పొగ వచ్చేది. వాడు ఆవలిస్తే మూడు ఊళ్ళవాళ్ళు మబ్బు పట్టిందనుకుని ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకునేవాళ్ళు.

రాకుమారిని విడిపించడానికి వజ్రబాహుడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. మణిరథుడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఒకనాడు సముద్రపు కాకి ఒకటి కోటగోడ మీద వాలి, "మీ పిల్లలిద్దరూ మాంత్రికుడి ఇంట్లో రాళ్ళై నిలబడ్డారు. వచ్చే అమావాస్య దాటిందా, ఆ రాళ్ళు ఇసుకై రాలిపోతాయి," అని చెప్పి ఎగిరిపోయింది.

"నేను వెళ్తాను నాన్నగారూ," అన్నాడు నంది.

"నువ్వా! అంతటి అన్నలకే చేతకానిది నీవల్ల ఏమవుతుందిరా? ఉన్న ఒక్కడివైనా నాకు మిగులు," అన్నాడు రాజు.

"అన్నలు లేకుండా నేనొక్కణ్ణీ మిగిలి ఏం చేసుకోను?" అని తండ్రి కాళ్ళకి దండం పెట్టి బయల్దేరాడు నంది.

సముద్రపు ఒడ్డుకి వెళ్ళేసరికి అక్కడ ఒకటే ఏడుపు. ఒక తాబేలమ్మ. తాబేలంటే మీరు చూసిన తాబేలు కాదు, దాని వీపు మీద నాలుగు కొబ్బరిచెట్లు కాసేవి! దాని ముగ్గురు పిల్లలూ కొట్టుకు చస్తున్నారు.

"పెద్దాడికి మూడు ముక్కలు, నడిపివాడికి రెండు, నాకొక్కటే పెట్టావు!" అని చిన్నది ఇసుకలో పడి పొర్లుతోంది.

"ఒకే కొలత చేపలు మూడు తెచ్చాను నాయనా," అని మొరపెట్టుకుంది తాబేలమ్మ. "ఒకదాన్ని ఆరు ముక్కలు చేసి మూడు పెద్దాడికిచ్చాను. ఒకదాన్ని నాలుగు చేసి రెండు నడిపివాడికిచ్చాను. ఇంకోదాన్ని రెండు చేసి ఒకటి దీనికిచ్చాను. మిగిలింది రేపటికని దాచాను. ఎవరికి తక్కువైందో నాకే తెలియడం లేదు!"

నంది నవ్వి, పెద్దాడి మూడు ముక్కలూ ఒకదాని పక్కన ఒకటి చేర్చాడు. నడిపివాడి రెండూ చేర్చాడు. వాటి పక్కన చిన్నదాని ముక్క పెట్టాడు. మూడూ ఒకే కొలత!

"ఆరింట మూడైనా, నాలుగింట రెండైనా, రెండింట ఒకటైనా అన్నీ సగమే. ముగ్గురికీ సగం సగం చేప ముట్టింది. ఇంక తినండర్రా!"

చిన్నది ఏడుపాపి, తన ముక్క గుటుక్కున మింగి, "అయితే రేపు నాకు ఆరు ముక్కలు చేసి పెట్టమ్మా," అంది.

తాబేలమ్మ సంతోషం పట్టలేక నందిని వీపున ఎక్కించుకుంది. ఉప్పు సముద్రం దాటింది, పాల సముద్రం దాటింది, చెరకురసం సముద్రంలో మాత్రం ఎందుకో కాస్త నెమ్మదించింది. ఏడూ దాటి మాంత్రికుడి దీవి చేరింది.

దీవి వాకిట్లో మూడు భూతాలు. పాత కాపలావాళ్ళని వజ్రబాహుడు లోపలికి వెళ్తూ చావబాదాడట, అందుకని మాంత్రికుడు వీళ్ళని కొత్తగా పెట్టాడు. ఒక్కొక్కడి కన్ను బండిచక్రమంత! వాళ్ళు కన్ను మూసేది ఆవలించినప్పుడే. మొదటి భూతం నాలుగు అలలకోసారి ఆవలిస్తాడు, రెండో భూతం ఆరు అలలకోసారి, మూడో భూతం ఎనిమిది అలలకోసారి.

"ముగ్గురూ ఒక్కసారే కన్ను మూసేదెప్పుడో!" అంది తాబేలమ్మ. "నాలుగుని ఆరుతో, దాన్ని ఎనిమిదితో హెచ్చవేస్తే నూట తొంభై రెండు. అన్ని అలలు ఆగాలంటే తెల్లారిపోతుంది నాయనా."

"అంత అక్కర్లేదు అవ్వా. నాలుగో ఎక్కంలో ఇరవై నాలుగుంది, ఆరో ఎక్కంలో ఉంది, ఎనిమిదో ఎక్కంలోనూ ఉంది. మూడింటిలోనూ ఉన్న అంకెల్లో అదే చిన్నది," అన్నాడు నంది. ఈనాడు బడిలో మీరు క.సా.గు. అని కుస్తీ పట్టేది దీనితోనే!

మూడు భూతాలూ కలిసి ఆవలించిన అల చూసుకుని, అక్కణ్ణించి లెక్క మొదలుపెట్టాడు. ఇరవై నాలుగో అల ఒడ్డుకి తగిలింది. మూడు నోళ్ళూ గుహల్లా తెరుచుకున్నాయి, ఆరు కళ్ళూ మూతపడ్డాయి. కళ్ళు మళ్ళీ తెరుచుకునేసరికి నంది లోపలున్నాడు.

లోపల ఆకాశమంత గోడ. ఆ గోడనిండా ఒకదానిమీద ఒకటి తలుపులున్న అరలు. ఆరో అర వైపు చెయ్యి చాపి నిలబడ్డ రెండు రాళ్ళు. ఆ రాళ్ళలో అన్నల ముఖాలు చూడగానే "అన్నయ్యా!" అంటూ పరుగెత్తాడు నంది.

"ఓహో, మూడో రాయి తన కాళ్ళతో తనే నడిచొచ్చిందే!" అంది అక్కడే బందీగా ఉన్న ఇందుకళ.

"రాయి కాకుండా ఉండే దారేదైనా ఉంటే చెప్పు రాకుమారీ," అన్నాడు నంది.

ఇందుకళ గొంతు తగ్గించింది. "ప్రాణం ఎక్కడుందని అడిగితే మాంత్రికుడు నిజమే చెప్పాలి, లేకపోతే మంత్రం పోతుంది. అడిగాను, చెప్పాడు. 'ఆరు అరలు లెక్కపెట్టు. ఎంతొస్తే, కిందినుంచి అన్నోది తెరువు. అందులో చిలక, చిలకలో నా ప్రాణం' అన్నాడు. అదే మీ అన్నలకి చెప్పాను. ఇద్దరూ ఆరో అర తెరిచారు, రాళ్ళయ్యారు. ఒక్కటి తప్ప మిగతావన్నీ శాపాలే."

అంతలో దూరాన దీవి అదిరింది. ధూమ్రదంతుడు వస్తున్నాడు! నందికి కాళ్ళు వణికాయి, బుర్ర పనిచెయ్యడం మానేసింది. కాని నోటికి అలవాటు ఎక్కడికి పోతుంది? తనంతట తనే వల్లించడం మొదలుపెట్టింది. "అర ఒకట్ల అర... అర రెళ్ళు ఒకటి... అర మూళ్ళు ఒకటిన్నర... అర నాలుగులు రెండు... అర అయిదులు రెండున్నర... అర ఆర్లు..."

నోరు ఆగింది, కళ్ళు మెరిశాయి. "మూడు! అరంటే గోడలో అరే కాదు రాకుమారీ, సగం కూడా! ఆరు సగాలు కలిస్తే మూడు!"

"తప్పయితే?"

"తప్పు కాదు. అన్నం కలుపుకుంటూ పదివేలసార్లు చెప్పుకున్న లెక్క ఇది!"

మూడో అర తెరిచాడు. బంగారు పంజరం, అందులో పచ్చటి చిలక. దాని నాలుక కింద మాంత్రికుడి ప్రాణం మిరపగింజై అణిగి ఉంది. చిలక కళ్ళు చిట్లించి, "మూడడుగుతాను, తడుముకున్నావా రాయివే. పదమూడు ఏడులు?" అంది.

"తొంభై ఒకటి."

తలుపు బద్దలైంది. మాంత్రికుడు అరిచిన అరుపుకి ఏడు సముద్రాల చేపలూ గాల్లోకి ఎగిరాయి!

"పదిహేడు ఎనిమిదులు?"

"నూట ముప్పై ఆరు."

మాంత్రికుడి పొగ నంది జుట్టుకి తగిలింది. "పంతొమ్మిది తొమ్మిదులు?" అంది చిలక.

"నూట డెబ్భై ఒకటి!"

"భేష్! ఎన్ని యుగాలకి దొరికాడు నాకు జవాబు చెప్పేవాడు!" అని చిలక మిరపగింజని ఉమ్మేసింది. నంది దాన్ని మడమకింద నలిపాడు. అంత ధూమ్రదంతుడూ ఉఫ్ఫుమని పొగై కిటికీలోంచి పోయాడు.

రాళ్ళు కదిలాయి. వజ్రబాహుడు చాపిన చెయ్యి దించకుండానే తమ్ముణ్ణి వాటేసుకున్నాడు.

"ఏ అరరా?" అన్నాడు మణిరథుడు.

"మూడోది అన్నయ్యా."

మణిరథుడు ఒక్క క్షణం ఆలోచించి నెత్తి బాదుకున్నాడు. "సగం! ఎప్పుడో చిన్నప్పుడు విన్నానురా, ఒక్కసారి విని వదిలేశాను!"

అందరూ తాబేలమ్మ వీపెక్కి సముద్రాలు దాటి, అమావాస్యకి ముందే మేఘకూటం చేరారు. కోటముందు ఏనుగు సిద్ధంగా ఉన్నా నందిని ఎక్కనివ్వలేదు అన్నలు, తమ భుజాల మీద ఎక్కించుకున్నారు. గజకేతుడు పరుగెత్తుకొచ్చి పెద్దవాళ్ళిద్దర్నీ ఒళ్ళంతా తడిమి చూసుకుని, తలెత్తి చిన్నవాణ్ణి చూశాడు. "అందరూ చూడండర్రా, వీడు నా కొడుకు!" అని అరిచాడు. ఆ అరుపు పద్నాలుగు లోకాలకీ వినబడిందట!

నందివర్ధనుడికీ ఇందుకళకీ పెళ్ళి జరిగింది. ఇతనే ఎందుకని చెలికత్తెలడిగితే, "కాళ్ళు వణికినా లెక్క వణకనివాడు," అంది ఇందుకళ. అన్నలే పట్టుబట్టి తమ్ముణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టారు. వాళ్ళు ఏలినన్నాళ్ళూ వాన కూడా రైతుల్నడిగి కురిసేది. ఇక వజ్రబాహుడైతే జుట్టు నెరిశాక కూడా, వీరగాథలు చెప్పమని పిల్లలు చుట్టూ చేరితే, "నేనేం చేశానర్రా, రాయినై నిలబడ్డాను. చేసిందంతా మా తమ్ముడు!" అని రొమ్ము విరుచుకునేవాడట.