గడప దాటని ఉప్పు

ఇటు జరుగు కన్నా. కాళ్ళు తుడుచుకున్నావా? సరే, దుప్పటి కప్పుకో. నేను చెబుతుంటే నువ్వు ఊ కొట్టాలి. నీ ఊ ఆగితే నా కథ కూడా ఆగిపోతుంది, తెలుసుగా?

అనగనగా ఒక ఊళ్ళో, వాగు దాటితే గానీ సంత దొరకని ఊళ్ళో, పేరిందు అని ఒక పిల్ల ఉండేది. నీకంటే కాస్త పెద్దది, అంతే.

ఆ పిల్లకి ఒక గుణం ఉంది. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేసేది. తలుపు గడియ పెట్టమంటే పెట్టేది. మళ్ళీ వెళ్ళి పడిందో లేదో చూసేది. పడుకోబోయే ముందు ఇంకోసారి లేచి చూసేది. "మా పేరిందు ఉండగా మనకి కుక్క దండగ" అని వాళ్ళ నాన్న ఏడిపించేవాడు.

అలాంటి పిల్లకి ముగ్గురు మూడు మాటలు నేర్పారు.

నాయనమ్మ ఏం చెప్పిందంటే, "దీపం పెట్టాక ఉప్పు గడప దాటకూడదే అమ్మా. ఉప్పు పుట్టింది సముద్రంలో. లక్ష్మీదేవి పుట్టిందీ సముద్రంలోనే. సందె వేళ ఇంటి ఆడపిల్లని బయటికి పంపుతామా?" అంది. పేరిందు సరేనంది.

అమ్మ ఏం చెప్పిందంటే, "నేను లేనప్పుడు తమ్ముణ్ణి ఒంటరిగా వదిలి గడప దాటకు. ఇల్లు తగలబడితే తప్ప!" అంది. పేరిందు దానికీ సరేనంది.

ఆ తర్వాత బళ్ళో దయామణి టీచరు ఒక మాట చెప్పింది. "వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే పసిపిల్లల ఒంట్లో నీరంతా పోతుంది. అప్పుడు ఆలస్యం చెయ్యకూడదు. కాచి చల్లార్చిన నీళ్ళు పెద్ద చెంబుడు, గుప్పెడు పంచదార, మూడు వేళ్ళకి వచ్చినంత ఉప్పు. కలిపి ముందు మీరు రుచి చూడండి. కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉండకూడదు."

కన్నీళ్ళ రుచి అనేసరికి పిల్లలందరూ కిసుక్కున నవ్వారు. పేరిందు నవ్వలేదు. 'ఈసారి ఏడ్చినప్పుడు చూడాలి' అని గుర్తు పెట్టుకుంది.

అలా ఉండగా వానాకాలం వచ్చింది. ఒక సంతరోజు అమ్మా, నాన్నా, నాయనమ్మా బండి కట్టుకుని సంతకి వెళ్ళారు. వీధిలో వాళ్ళు ఇంచుమించు అందరూ వెళ్ళారు. తమ్ముడికి కాస్త జలుబుగా ఉందని పేరిందుని వాడికి తోడు ఉంచారు. చీకటి పడేలోపు వచ్చేస్తామన్నారు.

అప్పుడు వాన పట్టుకుంది. పై ఊళ్ళలో ఎంత కురిసిందో ఏమో, వాగు పొంగింది. బళ్ళన్నీ అవతలి గట్టునే ఆగిపోయాయి.

పేరిందు తమ్ముడికి అన్నం పెట్టింది. చీర ఉయ్యాల్లో వేసి ఊపింది. వాడు నిద్రపోయాడు. ఆ తర్వాత సందె చీకటి పడుతుంటే, నాయనమ్మ చెప్పినట్టే కాళ్ళు కడుక్కుని, దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంది.

దీపం అలా వెలిగిందో లేదో, వీధిలోంచి పిలుపు.

"పేరిందూ! మీ అమ్మ ఉందా?"

ఎవరంటే, చివరింటి మంగతాయి. ఆ ఏడే ఆ ఊరికి కాపురానికి వచ్చింది. మొగుడు సంతకి వెళ్ళాడు. గోనెసంచి ముసుగేసుకుని, చంకలో పాపతో వానలో నిలబడి ఉంది.

"ఇంకా రాలేదు పిన్నీ. వాగు పొంగింది."

"అయ్యో! పాపకి మధ్యాహ్నం నుంచీ ఒకటే విరేచనాలే తల్లీ. గంజి కాచి రెండు ఉప్పురాళ్ళు వేసి తాగిద్దామంటే, చూరు కారి మా ఉప్పు కుండంతా నీరైపోయింది. ఓ చిటికెడు ఉప్పు పెడతావా?"

పేరిందు "ఆ" అని లోపలికి పరుగెత్తింది. ఉప్పు జాడీ మీద మూత తీసింది. అప్పుడు ఎదురుగా దీపం కనిపించింది. నాయనమ్మ మాట గుర్తొచ్చింది. మూత పెట్టేసింది.

మళ్ళీ అనుకుంది, 'పోనీ నేనే వాళ్ళింటికెళ్ళి ఏదైనా సాయం చేస్తే?' అని. ఒక కాలు ఎత్తింది. ఉయ్యాల్లో తమ్ముడు కదిలాడు. అమ్మ మాట గుర్తొచ్చింది. కాలు దించేసింది.

"పిన్నీ," అంది, "దీపం పెట్టేశాను. ఇప్పుడు ఉప్పు ఇవ్వకూడదు."

మంగతాయి తిట్టలేదు, కన్నా. తిట్టినా బాగుండేది. "పోనీలేమ్మా. పెద్దాళ్ళు చెప్పిన మాట, నువ్వేం చేస్తావ్" అని వెనక్కి తిరిగింది. అప్పుడు పేరిందు పాపని చూసింది. పాప ఏడవడం లేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. తల వాళ్ళమ్మ భుజం మీద అటూ ఇటూ వాలిపోతోంది.

ఏంటి? పాపకి ఏమన్నా అయిపోతుందా అనా? ఉండు మరి, పేరిందు ఉందిగా. చెప్పనీ.

ఆ తల అలా వాలడం చూసేసరికి మూడో మాట గుర్తొచ్చింది. ఆలస్యం చెయ్యకూడదు! ఉప్పేమో గడప దాటకూడదు. తానేమో గడప దాటకూడదు. పాపకేమో ఆలస్యం కాకూడదు. ముగ్గురూ చెప్పింది మంచే. మూడూ ఒక్కసారే గడప మీదికొచ్చి కూర్చుంటే ఆ చిన్నపిల్ల ఏం చేస్తుంది చెప్పు? కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారాయి.

మంగతాయి అప్పటికే వీధి మలుపు దాకా వెళ్ళింది. పేరిందు గడప వంక చూసింది. మంగతాయి వంక చూసింది. మళ్ళీ గడప వంక చూసింది.

"పిన్నీ!" అని ఒక్క కేక పెట్టింది. "ఉప్పు దాటకూడదు, నేను దాటకూడదు గానీ, పాప దాటకూడదని ఎవరూ అనలేదు! లోపలికి తీసుకురా!"

మంగతాయి ఒక్క ఉదుటున వచ్చేసింది.

అప్పుడు పేరిందు, అమ్మ పొద్దున కాచి పెట్టిన నీళ్ళు పెద్ద చెంబులోకి వంచింది. గుప్పెడు పంచదార వేసింది. మూడు వేళ్ళతో ఉప్పు పొడి తీసి వేసింది. బాగా కలిపింది. రుచి చూడాలిగా? బుగ్గ మీద నీటి బొట్టుని నాలికతో అందుకుంది. ఆ తర్వాత చెంబులో నీళ్ళు ఒక చుక్క అందుకుంది. మళ్ళీ ఇంకోసారి చూసింది. ఎవరనుకున్నావ్, పేరిందు కదా!

"కన్నీళ్ళే ఉప్పగా ఉన్నాయి పిన్నీ. పట్టొచ్చు."

ఒక చెంచా పట్టింది మంగతాయి. పాప మింగింది. ఇంకో చెంచా పట్టింది. పాప కక్కేసింది. మంగతాయి బెంబేలు పడిపోయింది. "కక్కినా ఆపొద్దంది మా టీచరు. కాసేపాగి, నెమ్మదిగా పట్టమంది" అంది పేరిందు. కాసేపాగి మూడో చెంచా పట్టింది. పాప మింగింది. మింగి, నాలిక బయట పెట్టి ఇంకా కావాలన్నట్టు చప్పరించింది.

చాలాసేపటికి వాగు పొంగు తగ్గింది. బండి గంటలు వినిపించాయి. అమ్మా, నాన్నా, మంగతాయి మొగుడూ గబగబా లోపలికి వచ్చారు. వెనకే నాయనమ్మ వచ్చింది. ఏం జరిగిందో మంగతాయి చెప్పింది. అమ్మ పాప నుదురు తడిమి, పేరిందు తల నిమిరింది. పేరిందు మాత్రం మూల నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఏమే, ఎందుకా మొహం? మంచి పనే చేశావుగా" అంది నాయనమ్మ.

"నాయనమ్మా, ఉప్పు పాప పొట్టలో ఉంది. ఇప్పుడు పాప వాళ్ళింటికెళ్తే ఉప్పు గడప దాటినట్టేగా?"

నాన్న ఫక్కున నవ్వాడు. నాయనమ్మ నవ్వలేదు. చాలా పెద్ద ధర్మసందేహం విన్నట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది.

"అవునే. దాటినట్టే. అయితే వీళ్ళని ఈ రాత్రి ఇక్కడే పడుకోనిద్దాం. పాపనిలా నా ఒళ్ళో వెయ్యండి. మంగతాయీ, నువ్వు కాస్త అన్నం తిను, పాపకి పాలివ్వాలి కదా. ఆ నీళ్ళు నేను పడుతుంటాను."

అలా చెంచా వెంట చెంచా పడుతూ నాయనమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కనే కూర్చున్న పేరిందు మెల్లిగా అడిగింది. "నాయనమ్మా, పిన్ని లోపలికి రాలేకపోతే? అప్పుడేం చెయ్యాలి?"

"అప్పుడు జాడీకి జాడీ ఎత్తి ఇచ్చెయ్యాలి. లక్ష్మీదేవి నన్నడిగితే నేను చెప్పుకుంటాను. పసిగుడ్డుకి పనికిరాకుండా జాడీలో కూర్చోవడం ఆవిడకి మాత్రం ఇష్టమా ఏంటి? ఆ మాట నీకు ముందే చెప్పాల్సిందే అమ్మా. ఎంత చెబితే అంతే చేస్తావని తెలిసీ సగమే చెప్పాను."

పేరిందు గుండెల మీంచి పెద్ద రోలు దింపినట్టయింది. నాయనమ్మ భుజం మీద తల వాల్చింది. ఆ రోజు తలుపు గడియ చూడ్డానికి లేవకుండానే నిద్రపోయింది.

తెల్లవారుజామున నాయనమ్మ "ఓసి నీ ఇల్లు బంగారం గానూ!" అని కేక పెట్టింది. అందరూ ఉలిక్కిపడి లేచారు. చూస్తే ఏముంది? వానలో తడిసిన చీర మార్చి నాయనమ్మ కట్టుకున్న, సంతలో కొన్న కొత్త చీర మోకాళ్ళ దాకా తడి. పాప ఒంటికి పోసేసి, నాయనమ్మ ముక్కు పట్టుకుని గుంజుతోంది.

"ఒంట్లో నీరు నిలబడింది! ఇంక భయం లేదు!" అని మంగతాయి ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

"చూశావటే పేరిందూ," అంది నాయనమ్మ చీర దులుపుకుంటూ, "నీ ఉప్పు ఎక్కడికీ పోలేదు. మన ఇంట్లోనే, నా కొత్త చీర మీదే ఉంది!"

ఆ తర్వాత నాన్న బండి కట్టాడు. ఎందుకైనా మంచిదని పాపని డాక్టరుకి కూడా చూపించారు. ఆయన బాగానే ఉందన్నాడు. సరే, ఇంక కళ్ళు మూసుకో. గడియ నేను చూశాలే.

వాగు నీరు ఏటికి,
ఉప్పు దాని చోటికి,
పాప తల్లి ఒంటికి,
కథ చేరె కంచికి,
మనం చేరాం ఇంటికి,
కునుకు చేరు కంటికి.